రెండోసారి తొక్కితేనే బ్రేక్ పడుతోందా? మాస్టర్ సిలిండర్ కొనే ముందు ఒకసారి ఆగు

ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. నాన్న వాడిన 2002 మోడల్ చిన్న పెట్రోల్ కారు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. కావలిలో ఇంటి పక్కన రేకుల షెడ్డు కింద రెండేళ్లు కదలకుండా నిలబడి ఉంది. ఇప్పుడు బయటికి తీసి ముందు ప్యాడ్లు కొత్తవి వేయించాడు, బ్రేక్ ఆయిల్ తగ్గితే పోయించాడు. అయినా పెడల్ సగానికి పైగా కిందికి పోయాకే బ్రేక్ పడుతోంది. వెంటనే రెండోసారి తొక్కితే మాత్రం పైనే గట్టిగా దొరుకుతోంది. ఒక మేస్త్రి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలవైపు నెట్టేది) పోయిందన్నాడు, ఇంకొక మేస్త్రి బూస్టర్ (ఇంజన్ గాలి పీల్చే బలంతో, అంటే వ్యాక్యూమ్‌తో, తొక్కుడిని తేలిక చేసేది) అన్నాడు. నెల్లూరు వెళ్లాలంటే హైవే మీద లారీల మధ్య టెన్షన్‌గా ఉంది, ఏది మార్చాలి అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, ఇప్పటికైతే రెండూ మార్చొద్దు. ఒంగోలు కర్నూలు రోడ్డులో నాది చిన్న షెడ్డు. అంబాసిడర్ల మీద పని నేర్చుకుని, ముప్పై ఏళ్లకు పైగా బ్రేకులు విప్పుతూనే ఉన్నాను. నా దగ్గరికి బ్రేక్ తక్కువని వచ్చే పాత బండ్లలో కొత్త మాస్టర్ సిలిండర్ బిగించుకుని కూడా అదే జబ్బుతో వచ్చినవి బోలెడు. జబ్బు ఏమిటో నీ కాలు నీకు చెప్పేసింది, దాన్ని ఎవరూ వినలేదు, అంతే.

చూడు, ఆ ఇద్దరు మేస్త్రీలు చెప్పినవి రెండూ ఒకే లక్షణానికి పొసగవు. బూస్టర్ పోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పైనే ఆగిపోతుంది, బలమంతా పెట్టి తొక్కితే గానీ బండి ఆగదు. నీ పెడల్ అలా లేదు, కిందికి దిగుతోంది. మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు అరిగితే, తొక్కి పట్టుకున్నప్పుడు పెడల్ మెల్లగా జారుతూ నేలకి చేరుతుంది. నీది జారుతోందని నువ్వు రాయలేదు. "మొదటిసారి కిందికి, రెండోసారి పైన" అని రాశావు. అది మూడో రకం. దానికి మామూలుగా రెండే కారణాలు ఉంటాయి. వెనక చక్రాల డ్రమ్ముకీ, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే షూలకీ మధ్య సందు పెరిగి ఉండాలి, లేదా పైపుల్లో గాలి చేరి ఉండాలి. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే.

ఎందుకలా అవుతుందో తెలిస్తే ఇకమీద నిన్ను ఎవరూ బోల్తా కొట్టించలేరు. పెడల్ ఒకసారి తొక్కితే మాస్టర్ సిలిండర్ కొలిచినట్టు కాస్త ఆయిల్‌నే చక్రాలవైపు నెడుతుంది. షూకీ డ్రమ్ముకీ మధ్య సందు తక్కువుంటే అందులో కొంచెమే షూని తాకించడానికి పోతుంది, మిగతా తొక్కుడంతా నొక్కుడుకే. సందు ఎక్కువుంటే ఆయిల్ అంతా ఆ సందు దాటడానికే సరిపోతుంది, ఈలోపు పెడల్ సగం దిగిపోతుంది. వెంటనే రెండోసారి తొక్కావనుకో, షూలు ఇంకా స్ప్రింగు లాగుడికి పూర్తిగా వెనక్కి పోలేదు, మాస్టర్ సిలిండరేమో డబ్బాలోంచి ఇంకాస్త ఆయిల్ పీల్చుకుంది. అందుకే ఈసారి పెడల్ పైనే దొరుకుతుంది. బోరింగు కొట్టేటప్పుడు మొదటి నాలుగు దెబ్బలు ఖాళీగా పోయి, తర్వాత నీళ్లు అందుకున్నట్టే ఇదీ.

పరీక్షలు మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇది తేలేదాకా బండిని హైవే ఎక్కించొద్దు. "రెండుసార్లు కొడితే పడుతోంది కదా" అనుకుంటావు. ఎదురుగా బర్రె అడ్డం వచ్చినప్పుడు రెండోసారి కొట్టే టైం ఉండదు. ఊరి బయట చదునైన ఖాళీ రోడ్డు మీద, ఇరవై ముప్పై స్పీడులో చూసుకో, అంతకు మించి వద్దు. పక్కన కూర్చున్నవాళ్ల చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద ఉండాలి.

మొదట బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడు. నువ్వు పోయించిన ఆయిల్ మళ్లీ తగ్గిందా? ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ కొద్దికొద్దిగా దిగడం సహజం, నెలల మీద జరుగుతుంది. వారానికే దిగితే మాత్రం ఎక్కడో కారుతోంది. నాలుగు చక్రాల లోపలి ముఖాలూ, టైరు లోపలి అంచులూ వేలితో తడిమి చూడు. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి అతుక్కునే చోట కింద తడి ఉందా, అక్కడ పెయింట్ బుడగలు లేచిందా చూడు. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, కాబట్టి బూస్టర్ ముఖం మీద పెయింట్ లేచిపోతే మాస్టర్ సిలిండర్ వెనక సీలు కారుతున్నట్టు. డబ్బా మూత లోపలి రబ్బరు కూడా ఒకసారి చూడు. ఉబ్బిపోయి జిగురుగా ఉంటే ఎవరో ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పొరపాటున పోశారని అర్థం. అలా జరిగితే మాత్రం రబ్బరన్నదల్లా మార్చాల్సిందే, అక్కడ పొదుపు పనికిరాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు, స్పానర్ కూడా అక్కర్లేదు. బండి చదునుగా నిలిపి, చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టు. ఇంజన్ ఆన్ చేసి మామూలుగా ఒకసారి పెడల్ తొక్కి ఎంత దిగిందో గుర్తు పెట్టుకో. వదిలేసి ఓ అర నిమిషం ఆగు. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి మళ్లీ ఒక్కసారే తొక్కు. హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు పెడల్ ఎత్తు బాగా పెరిగితే నీ జబ్బు వెనక షూల సందులో ఉంది. హ్యాండ్ బ్రేక్ షూలని ముందే డ్రమ్ము దగ్గరికి తెచ్చింది కదా, దాటాల్సిన సందు లేదు, అందుకే పెడల్ పైనే దొరికింది. తేడా ఏమీ లేకపోతే సందు కాదు, గాలి గురించి ఆలోచించాలి. నువ్వు రాసింది చదివితే నాకు మొదటిదే అనిపిస్తోంది. రెండేళ్లు నిలబడ్డ బండి, ముందు ప్యాడ్లు మార్చారు గానీ వెనక డ్రమ్ములు విప్పినట్టు నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. మన దగ్గర చాలా షెడ్లలో బ్రేక్ పని అంటే ముందు ప్యాడ్లే. డ్రమ్ము తుప్పు పట్టి ఊడిరాదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు.

రెండో పరీక్ష మాస్టర్ సిలిండర్‌ది. ఇంజన్ ఆన్‌లో పెట్టి పెడల్ తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకో. ఇక్కడ చాలామంది చేసే తప్పు, బలంగా తొక్కి చూసి "జారలేదు, బాగుంది" అనేయడం. బలంగా తొక్కితే లోపలి రబ్బరు సిలిండర్ గోడకి గట్టిగా హత్తుకుని, అరిగినది కూడా ఆయిల్‌ని ఆపేస్తుంది. సిగ్నల్ దగ్గర బండి ఆపినట్టు తేలిగ్గా తొక్కి పట్టుకుంటేనే అరిగిన రబ్బరు పక్కనుంచి ఆయిల్ వెనక్కి జారుతుంది, పెడల్ మెల్లగా దిగుతుంది. అందుకే రెండు రకాలుగానూ చూడు. తేలిగ్గా తొక్కినప్పుడు దిగుతూ, బయట ఎక్కడా చుక్క కారకపోతే, అప్పుడు మాస్టర్ సిలిండర్ అన్న మేస్త్రి మాట నిజమే.

మూడోది బూస్టర్. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కితే లోపలి వ్యాక్యూమ్ అంతా ఖర్చయి పెడల్ గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డ పెడల్ మీద కాలు ఆనించి ఉంచి ఇంజన్ స్టార్ట్ చెయ్యి. పెడల్ నీ కాలి కింద కాస్త దిగాలి. దిగితే బూస్టర్ పని చేస్తోంది. దిగకపోతే ముందు బూస్టర్‌ని తిట్టకు, ఇంజన్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టం) నుంచి బూస్టర్‌కి వచ్చే రబ్బరు పైపు చూడు. మన ఎండలకి ఎండి పగిలి ఉంటుంది, లేదంటే అందులో ఉండే వన్‌వే వాల్వు పోయి ఉంటుంది. బూస్టర్ ధరతో పోలిస్తే ఆ రెండూ చాలా చవక. బ్రేక్ తొక్కినప్పుడల్లా పెడల్ దగ్గర బుస్సుమని ఆగకుండా శబ్దం వస్తూ, ఐడ్లింగ్ తగ్గి ఇంజన్ వణుకుతుంటే బూస్టర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగిందని అనుకోవచ్చు. నీది ఇది కాదని నా గట్టి నమ్మకం. అయినా రెండు నిమిషాల పని కదా, చేసి పెట్టుకో, ఆ రెండో మేస్త్రికి జవాబు చెప్పడానికి పనికొస్తుంది.

డీజిల్ బండ్లవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. డీజిల్ ఇంజన్ మానిఫోల్డ్‌లో బూస్టర్‌కి సరిపడా వ్యాక్యూమ్ రాదు, అందుకే వేరే పంపు పెడతారు. కొన్ని పాత డీజిల్ కార్లలో అది ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. బ్యాటరీ పనికని ఆల్టర్నేటర్ విప్పి, తిరిగి బిగించాక బ్రేక్ గట్టిపడిందని వచ్చిన బండ్లు చూశాను. బ్రేకులన్నీ విప్పేముందు ఆ పంపూ దాని పైపూ చూసుకోండి.

సరే, నీ బండికి వద్దాం. హ్యాండ్ బ్రేక్ పరీక్షలో పెడల్ పైకి లేచిందనుకుందాం. వెనక డ్రమ్ములు విప్పాలి. బండిని జాకీ మీద మాత్రమే ఉంచి పని చెయ్యొద్దు, కింద స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు అస్సలు వద్దు, ఇటుక చెప్పకుండా చిట్లుతుంది. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలెయ్యి. కేబుల్ నట్టు కూడా బాగా వదులు చెయ్యి. ఇది మరిచిపోతే షూలు డ్రమ్ముని పట్టుకుని ఊడిరానివ్వవు. కొన్ని డ్రమ్ముల ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. అవి ఊరికే పెట్టినవి కావు, సరైన సైజు బోల్టులు రెండూ సమానంగా బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతటదే బయటికి వస్తుంది. చిన్న బండ్లకి చాలావరకు 8 మిల్లీమీటర్ల బోల్టు పడుతుంది. సుత్తితో అంచు మీద కొట్టి డ్రమ్ము పగలగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. కొట్టాల్సి వస్తే చక్రం బోల్టుల మధ్య ముఖం మీద, రబ్బరు సుత్తితో కొట్టు.

డ్రమ్ము ఊడగానే ఎయిర్ గన్ తీసి దుమ్ము ఊదేస్తారు మన కుర్రాళ్లు. వద్దు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడి గుడ్డతో తుడువు, లేదా నీళ్లు చల్లి కడుగు. నా చిన్నప్పటి గురువుగారు ఊదిన దుమ్మంతా నేనూ పీల్చినవాడినే, అందుకే చెబుతున్నా.

ఇప్పుడు లోపల ఏం చూడాలి? షూలని డ్రమ్ముకేసి తోసే వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉండే రబ్బరు టోపీ అంచుని చిన్న స్క్రూ డ్రైవర్‌తో కొంచెం ఎత్తి చూడు. లోపల పొడిగా ఉంటే మంచిది. ఆయిల్ జారి బయటికి వస్తే ఆ సిలిండర్ పని అయిపోయింది. నిలబడ్డ బండ్లలో ఇది మామూలు, ఎందుకంటే ఆయిల్‌లో చేరిన తేమ సిలిండర్ లోపల తుప్పు చేస్తుంది, తిరిగి బండి నడిపినప్పుడు రబ్బరు ఆ తుప్పు మీద రాసుకుని చిరుగుతుంది. ఒక పక్క కారితే రెండు పక్కలా మార్చు. షూల మీద ఆయిల్ పడితే పెట్రోల్‌తో కడిగి, ఎండబెట్టి, ఉప్పుకాగితం రుద్ది మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు. కొన్ని రోజులు పనిచేసినట్టే ఉంటుంది, తర్వాత లోపల ఇంకిన ఆయిల్ వేడికి పైకి తేలుతుంది. కొత్త షూలే వెయ్యి.

డ్రమ్ము లోపలి గోడ మీద వేలు పెట్టి జరుపు. అంచు దగ్గర మెట్టులా తగిలితే బాగా అరిగిందన్నమాట. డ్రమ్ము మీద దాని గరిష్ఠ వ్యాసం పోసి ఉంటుంది, లేత్ మిషన్ మీద ఎక్కించేముందు ఆ అంకె చూడమని చెప్పు. దాన్ని దాటి కోస్తే డ్రమ్ము పెద్దదై, షూ మధ్యలో మాత్రమే తాకుతుంది, కొసలు గాల్లో ఉంటాయి. అప్పుడు ఎంత అడ్జస్ట్ చేసినా బ్రేక్ మెత్తగానే ఉంటుంది. మా వైపు చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో తిరిగే బండ్ల డ్రమ్ములు విప్పితే తెల్లటి రాతిపొడి గడ్డకట్టి ఉంటుంది, డ్రమ్ము మీద గీతలు నాగలి చాళ్లలా ఉంటాయి. నీ బండి నిలబడి ఉంది కాబట్టి నీకు గీతల కంటే తుప్పే ఎక్కువ దొరుకుతుంది.

ఇక అడ్జస్టర్, అంటే షూకీ డ్రమ్ముకీ మధ్య సందుని సర్దేది. కొన్ని బండ్లలో పళ్లచక్రంలా చేత్తో తిప్పేది ఉంటుంది, చాలావాటిలో బ్రేక్ తొక్కేకొద్దీ తనంతట తాను సర్దుకునేది ఉంటుంది. ఆ తనంతట తాను సర్దుకునేదే పాత బండ్లలో తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. షూ అరుగుతూ పోతుంది, అడ్జస్టర్ కదలదు, సందు పెరుగుతుంది, పెడల్ దిగుతుంది. యజమానికి అలవాటైపోతుంది కాబట్టి తెలియదు. మీ నాన్నగారు కూడా ఈ బండి వాడిన ఆఖరి రోజుల్లో రెండుసార్లు కొట్టే నడిపి ఉంటారు, అడిగి చూడు. అడ్జస్టర్ విప్పి, తుప్పు రుద్ది, పళ్ల మీద కొంచెం వేడికి తట్టుకునే గ్రీజు రాసి, చేత్తో సులువుగా తిరిగేలా చెయ్యి. ఎడమ వైపుదీ కుడి వైపుదీ కలిపెయ్యకు, వాటి మరలు ఎదురెదురు దిక్కుల్లో ఉండే బండ్లు చాలా ఉన్నాయి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పితే, స్ప్రింగులు ఎలా పెట్టాలో మరిచిపోయినా రెండో పక్క చూసి పెట్టుకోవచ్చు. డ్రమ్ము తిరిగి ఎక్కిస్తే షూ కొంచెం రాస్తూ, చేత్తో తిప్పితే తిరిగేలా సందు పెట్టు.

ఇదంతా అయ్యాక, ఆఖర్న మాత్రమే హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించాలి. షెడ్లలో దీన్ని తలకిందులు చేస్తారు. హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదంటే లోపల విప్పే పని తప్పించుకోవడానికి కేబుల్ నట్టు బిగించేస్తారు. రెండు రోజులు బాగుంటుంది. కానీ కేబుల్ బిగుతుగా ఉన్నంతకాలం డ్రమ్ము లోపల ఆ కేబుల్ లాగే లివర్ తన చోటికి వెనక్కి రాదు, లివర్ వెనక్కి రాకపోతే అడ్జస్టర్ పని చెయ్యదు. అంటే ఆ ఒక్క నట్టు బిగించి, ముందు ముందు పెడల్ దిగే జబ్బు తామే నాటుతున్నారు. నీ బండి కేబుల్ నట్టుని మరల చివరిదాకా బిగించేసి ఉంటే కథ ఇదే అనుకో.

ముందు చక్రాల సంగతి కూడా కొంచెం చూడాలి, ఎందుకంటే బండి ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. కొత్త ప్యాడ్లు వేశారు సరే, ఏ డిస్కు మీద వేశారు? రెండేళ్లు నిలబడ్డ డిస్కు తుప్పుతో గరుకై ఉంటుంది, అంచున మెట్టు ఉంటుంది. కొత్త ప్యాడు చదునుగా ఉంటుంది, అది డిస్కు ఎత్తుపల్లాల్లో ఎత్తుల మీదే కూర్చుంటుంది. వందా రెండొందల కిలోమీటర్లు మామూలుగా నడిపితే కొంత సర్దుకుంటుంది, బాగా గీతలుంటే డిస్కు మార్చాలి. కనీస మందం దాని మీదే రాసి ఉంటుంది.

మార్చినప్పుడు తీసేసిన పాత ప్యాడ్లు ఉంటే లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి చూడు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరిగితే ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకున్నాయి. మొన్నామధ్య కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలున్న ఒకాయన బండి తెచ్చాడు. ఉప్పుగాలి, ఉప్పునీళ్లు, గుంటల గట్ల మీద తిరుగుడు. పాత ప్యాడ్లలో లోపలివి రేకు దాకా అరిగిపోయాయి, బయటివి కొత్తవాటిలా మెరుస్తున్నాయి. పిన్నులు సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. నీ ఊరూ సముద్రానికి దూరం కాదు. పిన్నులు తీసి, తుడిచి, రబ్బరుకి పడే సిలికాన్ గ్రీజు రాయి. చక్రం బేరింగుకి రాసే మామూలు గ్రీజు రాస్తే పిన్ను రబ్బర్లు ఉబ్బి, ఆర్నెల్లలో మళ్లీ పట్టేస్తాయి.

ఇంకొకటి, తక్కువమందికి తెలిసింది. క్యాలిపర్‌కి వచ్చే రబ్బరు హోస్ పైపు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల పొర విడిపోయి వాల్వులా మారుతుంది. తొక్కినప్పుడు ఆయిల్ పోతుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. బండి ఒక పక్కకి లాగడం, ఒక చక్రం కాలిపోయేంత వేడెక్కడం దీని గుర్తు. ఆ చక్రం పట్టేసి ఉన్నప్పుడు బ్లీడర్ నిపుల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చేస్తే ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే, క్యాలిపర్ లోపల ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ బాగుంది, తప్పు పైపుల వైపు ఉంది. పైపు ఇరవై ఏళ్లదైతే నా లెక్కలో పరీక్షే అక్కర్లేదు, మార్చెయ్.

ఇక ఎయిర్ తీయడం, అంటే పైపుల్లో చేరిన గాలిని నిపుల్ గుండా బయటికి పంపడం. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. సొంతంగా షెడ్డు పెట్టిన కొత్తలో, నీదానిలాంటిదే, చాన్నాళ్లు నిలబడ్డ బండి వచ్చింది. ఆయిల్ మార్చి, కుర్రాడిని సీట్లో కూర్చోబెట్టి "తొక్కు, పట్టు, వదులు" అంటూ ఎయిర్ తీశాను. కుర్రాడు పెడల్ ప్రతిసారీ నేలకి తాకేదాకా తొక్కాడు. బ్రేక్ బ్రహ్మాండంగా వచ్చింది. మూడో రోజు ఆ పెద్దమనిషి ఫోన్, పెడల్ జారిపోతోందని. కారణం నాకు తర్వాత బుర్రకెక్కింది. ఏళ్ల తరబడి మాస్టర్ సిలిండర్ పిస్టన్ పైసగంలోనే తిరిగింది. కింది సగంలో తుప్పూ మడ్డీ చేరి ఉంది. మేము నేలదాకా తొక్కించేసరికి లోపలి రబ్బరు ఆ గరుకు మీద రాసుకుని చిరిగింది. బాగున్న సిలిండర్‌ని నేనే పాడుచేశాను, కొత్తది నా డబ్బుతోనే వేశాను. అప్పటినుంచి పాత బండికి ఎయిర్ తీసేటప్పుడు పెడల్ కింద ఒక చెక్కముక్క పెడతాను, సగం దాటి దిగకుండా. నువ్వూ పెట్టు. నీ బండికి ఆయిల్ పోసినప్పుడు ఎవరైనా అలా నేలదాకా తొక్కించి ఉంటే, పైన చెప్పిన రెండో పరీక్ష ఇంకొంచెం శ్రద్ధగా చెయ్యి.

మన బండ్లకి మాస్టర్ సిలిండర్ కుడి పక్క ఉంటుంది, కాబట్టి అందరికంటే దూరం వెనక ఎడమ చక్రం. అక్కడ మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి, ఇదీ మామూలు వరస. కొన్ని బండ్లకి కంపెనీ పుస్తకంలో వేరే వరస ఉంటుంది, అది దొరికితే దాన్నే పాటించు. నిపుల్‌కి సన్నటి తెల్ల పైపు తగిలించి, రెండో చివర కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచు. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, లేకపోతే గాలి తిరిగి లోపలికి పీలుస్తుంది. నాలుగైదు తొక్కులకోసారి డబ్బాలో ఆయిల్ చూసుకో. నిపుల్ తుప్పు పట్టి ఉంటే ఓపెన్ స్పానర్‌తో తిప్పొద్దు, మూలలు గుండ్రమై ఎందుకూ పనికిరాకుండా పోతుంది. రింగ్ స్పానరే వాడు. అడ్జస్టర్ సరిచేయకుండా ఎయిర్ మాత్రం తీస్తే నీ జబ్బు అలాగే ఉంటుంది, అందుకే వెనక డ్రమ్ముల పని ముందు, ఇది తర్వాత.

ఆయిల్ "తగ్గితే పోశాను" అన్నావు. అది చాలదు, పాతదంతా తీసెయ్యాలి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకునే రకం. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ బాగా చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. ఊళ్లో తిరిగితే నీకు తేడా తెలియదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగేవాళ్లకి తెలుస్తుంది. మా షెడ్డుకి ఒక కుటుంబం వచ్చింది, దిగేటప్పుడు పెడల్ ఒక్కసారిగా గాల్లో తొక్కినట్టు నేలకి పోయిందట. సెకండ్ గేరు, హ్యాండ్ బ్రేక్‌తో ఎలాగో ఆపుకున్నారు. అరగంట ఆగాక బ్రేక్ మామూలుగా వచ్చేసిందని, ఏదో భ్రమ అనుకుని అలాగే ఒంగోలు దాకా నడిపారు. భ్రమ కాదు, ఆయిల్‌లో నీళ్లు మరిగి ఆవిరయ్యాయి. ఆవిరి గాలి లాగే నలుగుతుంది, చల్లారితే మళ్లీ నీళ్లే. డబ్బాలో ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. రెండేళ్లకొకసారి మార్చడం మంచిది, నీ బండికైతే ఇప్పుడే. సీలు తీసి అలమరలో ఉంచిన పాత డబ్బా వాడకు. డాట్ 5 అని ఒకటి సిలికాన్‌ది ఉంటుంది, అది నీ బండికి పడదు, అంకె పెద్దదని కొనకు.

టైర్లు కూడా చూడమని చెప్పాలి. బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు పట్టేసి బండి జారుతుంటే నీ బ్రేకులకి బలం ఉన్నట్టే, టైర్ల పట్టు చాలడం లేదు. టైరు పక్కన ఇంగ్లీషులో డాట్ (DOT) అని రాసి ఉన్న వరసలో చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 1514 అని ఉంటే 2014లో పదిహేనో వారం. గాడులు ఎంత లోతున్నా అంత పాత రబ్బరు చెక్కలా మారి ఉంటుంది.

డ్రమ్ములు, అడ్జస్టర్లు, పిన్నులు, కొత్త ఆయిల్ అన్నీ అయ్యాక కూడా పెడల్ దిగుతూనే ఉంటే, అప్పుడు మాస్టర్ సిలిండర్ మీదికి రా. దానికీ ఖాయం చేసుకునే పద్ధతి ఉంది. దాని నుంచి బయటికి పోయే పైపులు విప్పి, ఆ రంధ్రాలని సరైన మరల బోల్టులతో మూసి, లోపలి గాలి తీసి తొక్కితే పెడల్ పైనే రాయిలా నిలబడాలి. నిలబడితే సిలిండర్ బాగుంది, లోపం ఇంకా చక్రాల వైపే ఉంది. మెత్తగా ఉన్నా, జారినా సిలిండర్ మార్చు. కిట్ (లోపలి రబ్బర్ల సెట్టు) వేస్తే చాలదా అని అడుగుతావు. లోపలి గోడ అద్దంలా ఉంటేనే కిట్, గోరుకి గీత తగిలితే మొత్తం మార్చాల్సిందే.

రేపు పొద్దున హ్యాండ్ బ్రేక్ పరీక్ష ఒక్కటి చేసి, పెడల్ ఎన్ని వేళ్ల ఎత్తు పెరిగిందో రాయి. కావలిలో డ్రమ్ము విప్పే ఓపికున్న మేస్త్రి దొరక్కపోతే బండిని నడుపుకుంటూ ఒంగోలు తేవొద్దు. అక్కడికే ఎవరినైనా పిలిపించు, వీల్ సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తినప్పుడు పక్కనే నిలబడి తడా పొడా నువ్వే చూసుకో.